ఘాట్‌ ఎక్కిన ‘ఖర్చు’

వెల, ధర, ఖరీదు, ఖర్చు... తెలుగులో డబ్బు మాటలకు కరవు లేదు. ఇంగ్లిషులో అంతకు రెండింతలున్నాయి. మరి అరకు కొండల్లో వాటిని ఏమంటారు? వెతుక్కుంటూ వెళ్తే నిఘంటువులోంచి సంతలోకి, సంతలోంచి కోర్టు కాగితాల్లోకి నడిపించే కథ ఇది.

శుక్రవారం పొద్దున్నే అరకులోయ సంతకి వెళ్లండి. మంచు ఇంకా పూర్తిగా విడిచి ఉండదు. కొండచీపుర్లు నెత్తిన పెట్టుకుని కొందరు, కావిడి భుజాన వేసుకుని కొందరు, ఆటోలో మూటల మీద కూర్చుని ఇంకొందరు దిగుతుంటారు. చింతపండు, పసుపు, అల్లం, పిప్పళ్లు, రాజ్మా, చోళ్లు... నేల మీద గోనెపట్టా పరిస్తే అదే దుకాణం. విశాఖపట్నం నుంచి నూటపదిహేను కిలోమీటర్లు ఘాట్‌ రోడ్డు ఎక్కి వచ్చిన వ్యాపారులు అప్పటికే కాటాలు సర్దుకుని కూర్చుంటారు.

ఓ పక్కన నిలబడి చెవి ఒగ్గితే బేరాలు ఇంచుమించు ఇలా సాగుతాయి.

‘‘ఏటమ్మా, చీపురుకట్ట ఎంతకిస్తావేటి?’’

బేరగాడిది ఉత్తరాంధ్ర తెలుగు. చీపుర్లామె పక్కనున్న ఆడపడుచుతో కువిలోనో కొండ భాషలోనో రెండు ముక్కలు మాట్లాడుతుంది. వెనకున్న ఇంకొకరిని ఆదివాసీ ఒడియాలో ఏదో అడుగుతుంది. చివరికి బేరగాడి వైపు తిరిగి తెలుగులో అంటుంది.

‘‘నువ్వే చెప్పు బాబూ...’’

మూడు భాషలు గడగడా మాట్లాడే మనిషి, తన సరుకు ధర దగ్గరికి వచ్చేసరికి అవతలివాడినే చెప్పమంటోంది! సిగ్గా? అమాయకత్వమా? మర్యాదా? కొంత అదీ ఉండొచ్చు. కానీ అసలు సంగతి ఆ ‘ధర’ అనే మాటలోనే ఉంది.

ఒక్క ‘కాస్ట్‌’కి ఎన్ని తెలుగులు?

ముందు మన ఇంట్లోనే ఓ చిన్న పరీక్ష పెట్టుకుందాం. ఇంగ్లిషు మీడియంలో చదివే పిల్లల్ని పిలిచి ‘కాస్ట్‌’ అనే మాటకి తెలుగు అడగండి. ‘ఖరీదు’ అంటారు. మరి ‘కాస్ట్‌ ఆఫ్‌ లివింగ్‌’? జీవన ఖరీదు అనలేం... జీవన వ్యయం. ‘ఎట్‌ ఎనీ కాస్ట్‌’? ఏ ఖరీదుకైనా అంటే నవ్వుతారు... ఎలాగైనా సరే. ఆ తప్పు అతని ప్రాణం ‘కాస్ట్‌’ చేసిందంటే? ప్రాణం తీసింది. ఇంగ్లిషువాడు ఒకే మాటతో సరిపెట్టిన చోట మనం నాలుగు వాడాం.

‘స్పెండ్‌’ కూడా అంతే. డబ్బయితే ఖర్చు పెడతాం. కాలమైతే గడుపుతాం. రాత్రయితే తెల్లవారుస్తాం. ఇంగ్లిషువాడికి డబ్బూ కాలమూ ఒకే సంచీలోంచి పోతాయి. మనకు అలా కాదు. కాలం దానంతటది పోతుంది, దానికి లెక్క రాయం. ఈ తేడాని కాస్త గుర్తుపెట్టుకోండి. కొండ మీద దీనికి చాలా విలువుంది.

ఇంతకీ మన డబ్బు మాటలు ఎక్కణ్నుంచి వచ్చాయి? ‘వెల’ అచ్చంగా మనదే. తమిళుల ‘విలై’, కన్నడిగుల ‘బెలె’ దానికి తోబుట్టువులు. పాత తెలుగులో ‘విలుచు’ అంటే కొనడం. తమిళంలో ‘విల్‌’ అంటే అమ్మడం! ఒకే ధాతువు... అన్నకి కొనుగోలు, తమ్ముడికి అమ్మకం.

‘ఖరీదు’ పారశీక మాట. అసలర్థం కొనుగోలు. మనం దాన్ని ధరగా మార్చుకున్నాం. ‘ఖర్చు’ కూడా అదే దారిన వచ్చింది. బాకీ, అసలు, వసూలు, జమ అరబ్బీ నుంచి వచ్చినవి. ‘వసూలు’ అంటే చేరడం. ‘రసీదు’ పారశీకం, దానికీ అర్థం చేరిందనే. నవాబుల కాలం కచేరీల నుంచి, కరణాల లెక్కల నుంచి ఇవన్నీ మన నోళ్లలోకి దిగాయి. సంస్కృతం నుంచి వచ్చిన ‘వ్యయం’ మాత్రం వేషం మార్చుకుని వంటింట్లో కూర్చుంది. వ్యయం ‘వెచ్చం’ అయింది. పెద్దవాళ్లు ఇప్పటికీ కిరాణా సరుకుల్ని ‘వెచ్చాలు’ అంటారు చూడండి, అదన్నమాట. ‘వడ్డీ’ కూడా సంస్కృతపు ‘వృద్ధి’కి మన రూపమే. ఎవరికి వృద్ధి అన్నది వేరే సంగతి!

‘ప్రియం’ కథ ఇంకా బాగుంటుంది. మనకు ప్రియమైన వాళ్లుంటారు, ఉల్లిపాయలూ ప్రియమవుతాయి. ఇది మన ఒక్కరి చమత్కారం కాదు. ఇంగ్లిషులో ‘డియర్‌’ అన్నా, ఫ్రెంచిలో ‘షేర్‌’ అన్నా ఇవే రెండర్థాలు. డెన్మార్క్‌ వాళ్లు ఖరీదైనదాన్ని ‘ద్యూర్‌’ అంటారు. వాళ్ల భాషలో జంతువుని కూడా ‘ద్యూర్‌’ అనే అంటారు కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లు ‘ఈ కోటు జంతువా?’ అని బుర్ర గోక్కోవాలి.

ఈ గందరగోళం తెల్లదొరలకు ముందే అర్థమైంది. కచేరీలో రైతు ఏం చెబుతున్నాడో తెలియకపోతే శిస్తు వసూలు కాదు కదా! సి.పి.బ్రౌన్‌ తెలుగు–ఇంగ్లిషు నిఘంటువు 1852లో వెలువడింది. అది చాలక, కచేరీల్లో వాడే మాటల కోసం అదే ఏడాది ‘జిల్లా డిక్షనరీ’ వేశాడు. తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాల కోసం 1854లో మరొకటి. 1855లో హెచ్‌.హెచ్‌.విల్సన్‌ దేశం మొత్తం మీది కోర్టు, రెవెన్యూ పదాలన్నిటికీ పెద్ద పదకోశం తెచ్చాడు. ఖర్చు, బాకీ, కిస్తీ లాంటి మాటల్ని లండన్‌లో కూర్చున్నవాడు కూడా పుస్తకం తిరగేసి తెలుసుకునే ఏర్పాటు అలా జరిగింది.

కొండ మీది భాషలకు అలాంటి పుస్తకం లేదు. అక్కడికి వెళ్లిన తాసీల్దారుకీ, వెనకే వెళ్లిన వ్యాపారికీ తెలుగో ఒడియానో చాలు. తెలియాల్సిన అవసరమంతా కొండవాళ్లదే అయింది.

సంతలో మూడు కుటుంబాలు

అరకు సంతలో వినిపించే భాషల్ని పండితులు మూడు వేర్వేరు కుటుంబాల కింద లెక్కగడతారు. కువి, కొండ భాషలు మన తెలుగుకి దాయాదులు, ద్రావిడ భాషలు. ఆదివాసీ ఒడియా హిందీ, బెంగాలీల వైపు చుట్టం. గదబల్లో మళ్లీ రెండు. ఒక గదబ ద్రావిడ భాష. గుతోబ్‌ అనే రెండోది ముండా కుటుంబానిది. పేరు ఒకటే, మాట వేరు! శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లోని సవర కూడా ముండా భాషే. యూరప్‌ మొత్తం తిరిగినా ఒకే సంతలో ఇంత వైవిధ్యం దొరకడం కష్టం. వీళ్లందరినీ కలిపే వంతెన భాష ఆదివాసీ ఒడియా. ఒకరి భాష ఒకరికి రాని ఊళ్లవాళ్లు దాంతోనే బేరమాడుకుంటారు.

కొనడం, అమ్మడం, ఇవ్వడం, తీసుకోవడం... వీటికి ఈ భాషల్లో సొంత మాటలున్నాయి. మన ‘కొను’కి వరసయ్యే క్రియలు కొండ భాషలోనూ కువిలోనూ ఉన్నాయి. 1961లో బరో, ఎమెనో తయారుచేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు చూస్తే ఆ బంధుత్వం తెలుస్తుంది. 1969లో భద్రిరాజు కృష్ణమూర్తి కొండ భాషకు సమగ్ర వ్యాకరణం రాశారు. మనుషుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం కొండకి కొత్తేం కాదు. కొత్తగా వచ్చింది దానికి కట్టే అంకె.

ధరకి ఒడియాలో ‘దామ్‌’ అంటారు. ఈ చిన్న మాట చేసిన ప్రయాణం వింటే ఆశ్చర్యమేస్తుంది. గ్రీకుల వెండి నాణెం ‘డ్రాక్మా’ మన దేశానికొచ్చి సంస్కృతంలో ‘ద్రమ్మ’ అయింది. అదే ‘దామ్‌’గా మారింది. మనం చేతిలో లేదని వాపోయే ‘దమ్మిడీ’ కూడా దాని సంతానమే. తూర్పు కనుమల్లో చింతపండుకి దామ్‌ ఎంతని అడిగితే, ఏథెన్స్‌ నాణెం పేరు పలికినట్టే!

ఇక అంకెలు. ‘పది చొప్పున లెక్కపెట్టడం లోకరీతి’ అనుకుంటాం. సవరలు అలా అనుకోలేదు. వాళ్లు ముందు పన్నెండు దాకా వెళ్తారు. పదమూడు అంటే పన్నెండూ ఒకటి. పద్ధెనిమిది అంటే పన్నెండూ ఆరు. పందొమ్మిది దాకా అలా నడిచి, ఇరవై దగ్గర కొత్త మెట్టు కడతారు. ముప్ఫై రెండు అనాలంటే ఇరవయ్యీ పన్నెండూ. డజను, ఇరవై కలిపి అల్లిన ఈ లెక్క ప్రపంచంలో చాలా అరుదు. దాన్ని చూసి లెక్క రాదనుకున్నవాళ్లు మైదానంలో ఎంతమందో. డెన్మార్క్‌ వాళ్లు యాభైని ‘రెండున్నర ఇరవైలు’ అనే అర్థం వచ్చేట్టు పలుకుతారు. ఫ్రెంచివాళ్లకి ఎనభై అంటే ‘నాలుగిరవైలు’. వాళ్లని మాత్రం ఎవరూ అమాయకులనలేదు!

సవరల లెక్కని, మాటని మొదట శ్రద్ధగా విన్న తెలుగువాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకున్నారు. వాచకాలు రాశారు. కొండల్లో తిరిగి తెచ్చుకున్న మలేరియా ఆయన వినికిడిని బలి తీసుకుంది. ఆ చెవులతోనే 1931లో సవర భాషకు వ్యాకరణ గ్రంథం, 1938లో సవర–ఇంగ్లిషు నిఘంటువు తెచ్చారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. దానికి ముందే ఆయన సవరలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలన్నారు. ఆ ఆలోచన బడుల్లో విస్తృతంగా అమలు కావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా సహా ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో ప్రాథమిక తరగతుల పుస్తకాలు మొదలయ్యాయి.

రెండు రూపాయల వడ్డీ

కొండవాళ్లకి డబ్బు మాటలు అన్నిటికంటే చేదుగా పరిచయమైంది అప్పు దగ్గర. ‘ఏజెన్సీ’ అనే పేరుకే ఓ చరిత్ర ఉంది. 1839లో వచ్చిన చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాల్ని మామూలు పాలన నుంచి వేరుచేసి, కలెక్టర్‌నే గవర్నర్‌కి ‘ఏజెంట్‌’ని చేశారు. ఆయన ఏలుబడి కాబట్టి ఏజెన్సీ. పేరు మారినా పద్దులు మారలేదు. మైదానం నుంచి ఉప్పు, బట్ట పట్టుకుని వెళ్లిన వ్యాపారి బదులుగా అడవి సరుకు ఇస్తామని ఒప్పందం రాయించుకునేవాడు. చదవలేనివాడు వేలిముద్ర వేసేవాడు. మాట తప్పాడని దూరాన ఉన్న కోర్టులో దావా పడేది. నోటీసు ఏ భాషలో ఉందో, అసలు అందిందో లేదో ఎవరికి పట్టింది? ప్రతివాది రాలేదని ఏకపక్షంగా డిక్రీ ఇచ్చేసేవారు. పశువులు, ధాన్యం జప్తు. 1879లో రంప కొండలు భగ్గుమనడానికి కల్లు మీద వేసిన చిగురుపన్నుతో పాటు ఈ డిక్రీలు కూడా ఓ కారణమని సర్కారు రికార్డులే చెప్పాయి.

1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూ బదలాయింపు చట్టం తెచ్చింది. కొండవాళ్ల అప్పు మీద ఏడాదికి నూటికి 24 మించి వడ్డీ చెల్లదు. చక్రవడ్డీ కూడదు. మొత్తం వడ్డీ అసలుని దాటకూడదు. చక్కటి చట్టమే. ఇప్పుడు దాన్ని తెలుగులోకి తెచ్చుకోండి. ఏడాదికి 24 శాతం అనేది మనవాళ్ల నోట ఏమవుతుంది? రెండు రూపాయల వడ్డీ!

ఇది ఇప్పటికీ మన ఇళ్లలో తికమకపెట్టే సంగతే. ఇంగ్లిషు లెక్క నూటికి, ఏడాదికి. తెలుగు లెక్క నూటికి, నెలకి. బ్యాంకువాళ్లు ‘పన్నెండు శాతం’ అంటారు. ఊళ్లో షావుకారు ‘రెండు రూపాయలే’ అంటాడు. విన్నవాడికి పన్నెండు పెద్దగా, రెండు చిన్నగా వినిపిస్తాయి. నిజానికి బ్యాంకుది రూపాయి వడ్డీ, షావుకారుది దానికి రెట్టింపు. 2004లో స్వయం సహాయక బృందాల కోసం పెట్టిన పథకానికి ‘మూడు శాతం’ అని కాకుండా ‘పావలా వడ్డీ’ అని పేరు పెట్టడం వల్లే అది ఒక్కరోజులో ఊరూరా అర్థమైందని నాకనిపిస్తుంది. నెలకి పావలా, ఏడాదికి మూడు రూపాయలు. పథకం మంచిచెడ్డల మాటెలా ఉన్నా, అనువాదం మాత్రం భేషైనది.

అప్పుకి మనిషే పూచీ అయితే దాన్ని కొండల్లో ‘గోతి’ అన్నారు. పెళ్లికి ఓలి డబ్బులు కావాలి. కుర్రవాడు షావుకారు దగ్గర కొద్ది మొత్తం తీసుకుంటాడు. తీర్చేదాకా ఆ ఇంట్లో పని. పని విలువ వడ్డీకి సరిపోయింది, అసలు అలాగే ఉందని షావుకారు చెబుతాడు. లెక్క ఆయన చేతిలోనే ఉంది మరి! ఏళ్లు గడిచేవి. కొన్నిచోట్ల తండ్రి బాకీ కొడుకు మోసేవాడు. ‘గోతి’ వ్యుత్పత్తి వేరే అయినా తెలుగు చెవికి అది గొయ్యిలాగే వినిపిస్తుంది, తప్పేం లేదు. 1940లో మద్రాసు ఏజెన్సీ రుణబానిసత్వ రద్దు రెగ్యులేషన్‌, 1960లో షెడ్యూల్డు ప్రాంతాల వడ్డీ వ్యాపారుల రెగ్యులేషన్‌, 1976లో దేశమంతటికీ వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చాయి. ఒకే గొయ్యి పూడ్చడానికి ఇన్నిసార్లు మట్టి వేయాల్సి వచ్చింది.

అడ్డకి అడ్డెంత?

వడ్డీ తర్వాత కొలత. గిద్దలు నాలుగైతే సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అమ్మమ్మల కాలంలో ఇదే ఎక్కం. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి కిలోలు, లీటర్లు తెచ్చింది. ఆ మరుసటి ఏడాదే అణాలు పోయి నయాపైసలొచ్చాయి. మైదానంలో ఓ తరం సతమతమై సర్దుకుంది. కొండ సంతల్లో మాత్రం అడ్డ, సోల చాలాకాలం నిలిచాయి. పాత్రతో కొలిస్తే ఇబ్బంది ఏమిటంటే, కొనేవాడు కుదించి గోపురంగా పోస్తాడు, అమ్మేవాడు అంచు గీసి పోస్తాడు. ఆ రెంటికీ మధ్య గుప్పెళ్ల తేడా. అడవి సరుకు కొనేటప్పుడు, ఉప్పు అమ్మేటప్పుడు కొలిచేది ఒక్కడే అయితే ఆ గుప్పెళ్లు ఎటు పోతాయో చెప్పక్కర్లేదు.

దీన్ని అడ్డుకోవడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. జనం నోట అది ‘జీసీసీ’. విశాఖపట్నం కేంద్రంగా చింతపండు, కరక్కాయ, కొండచీపుర్లు, తేనె, కుంకుడుకాయలు, ముష్టిగింజలు, తపసి జిగురు కొంటుంది. డీఆర్‌ డిపోల్లో ఉప్పూ పప్పూ అమ్ముతుంది. అటవీ ఫలసాయం వ్యాపారాన్ని కట్టడి చేస్తూ 1979లో రెగ్యులేషన్‌ కూడా వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఫలసాయం మీద హక్కు ఏరుకునేవాళ్లదే అంది. 2013–14 నుంచి కొన్ని అటవీ ఉత్పత్తులకీ మద్దతు ధర ప్రకటించారు. బోర్డు మీద సుద్దతో రాసిన అంకె కనిపిస్తే ‘నువ్వే చెప్పు బాబూ’ అనాల్సిన పని కొంత తగ్గుతుంది. కొంతే. డిపో దూరమైతే, డబ్బు అందడం ఆలస్యమైతే మళ్లీ దారిలో కనిపించిన కాటానే గతి.

‘ఖర్చేం లేదు బాబూ’

ఇప్పుడు అసలు చిక్కుముడి. శీతాకాలంలో అరకు వెళ్లినవాళ్లంతా పచ్చటి పూల మడుల్లో నిలబడి ఫొటోలు తీయించుకుంటారు కదా, అవి వలిసెలు. ఆ గింజల్లోంచి నూనె తీస్తారు. ఆ పొలం యజమానిని ‘ఈ పంటకి ఖర్చెంతయింది?’ అని అడగండి. చాలామంది చెప్పే జవాబు: ‘‘ఖర్చేం లేదు బాబూ.’’

అబద్ధం కాదు. విత్తనం ఇంట్లోదే. ఎరువు వేయలేదు. దున్నిన ఎద్దులు తనవే. కలుపు తీసింది, కోసింది, మోసింది ఇంటిల్లిపాదీ. చేతిలోంచి రూపాయి కదల్లేదు. తెలుగులో ‘ఖర్చు’ అంటే జేబులోంచి బయటికి పోయిన డబ్బు. కాలాన్ని గడుపుతామే తప్ప ఖర్చు పెట్టమని ముందే చెప్పుకున్నాం కదా! ఇంగ్లిషు ‘కాస్ట్‌’ అలా కాదు. ‘ఇది నాకు పది రోజులు కాస్ట్‌ అయింది’ అని వాళ్లనగలరు. మనం అనలేం. కాస్ట్‌ని ఖర్చుగా అనువదించిన మరుక్షణం ఆ పది రోజులూ లెక్కలోంచి జారిపోతాయి. అవతల కొనేవాడికి కావాల్సింది కూడా అదే. ఖర్చే లేని సరుకుకి ఎంతిచ్చినా లాభమే కదమ్మా అంటాడు.

ఢిల్లీలో మద్దతు ధరలు సిఫారసు చేసే వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్‌కి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే వాళ్లు ఖర్చుని మూడు రకాలుగా రాస్తారు. చేతిలోంచి పోయింది ‘ఏ2’. దానికి ఇంటివాళ్ల శ్రమ విలువ కలిపితే ‘ఏ2 ప్లస్‌ ఎఫ్‌ఎల్‌’. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే ‘సి2’. స్వామినాథన్‌ కమిషన్‌ 2006లో ఖర్చు మీద సగం కలిపి ధర ఇవ్వాలని చెప్పింది. 2018 బడ్జెట్‌లో ఒకటిన్నర రెట్లు అన్నారు. ఏ ఖర్చుకి ఒకటిన్నర రెట్లు? ప్రభుత్వం ఏ2 ప్లస్‌ ఎఫ్‌ఎల్‌ అంది. రైతు సంఘాలు సి2 కావాలన్నాయి. మన పత్రికలన్నీ రెంటినీ ‘ఖర్చు’ అనే రాశాయి, చదివినవాళ్లకి గొడవేమిటో అర్థం కాలేదు. వలిసెలు, చోళ్లు రెండూ మద్దతు ధరల జాబితాలో ఉన్న పంటలే. అంటే ఈ అక్షరాల తగవు అరకు మడి దాకా వస్తుందన్నమాట.

సర్కారు కాగితాల్లో ఎఫ్‌ఎల్‌ని ‘కుటుంబ శ్రమ విలువ’ అంటారు. అంతకంటే మంచి మాట మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది. రెక్కల కష్టం. ‘ఖర్చెంత’ అని కాక ‘రెక్కల కష్టమెంత’ అని అడిగి చూస్తే వలిసెల రైతు జవాబు మారుతుంది. నాగలి పట్టిన రోజుల నుంచి చెబుతాడు. ‘గిట్టుబాటు’ కూడా అలాంటి గట్టి మాటే. దానికి ఇంగ్లిషులో ఒక్క పదం లేదు, రెండు మూడు పేర్చాల్సిందే. విచిత్రమేమిటంటే తెలుగులో ‘గిట్టడం’ అంటే లాభించడమూ, చనిపోవడమూ. రైతుల వార్తలు రాసేవాళ్లకి ఈ రెండర్థాలు ఎంత దగ్గరో తెలుసు.

కాఫీ తోటలకి ఈ కథలో మరో మలుపుంది. అరకు, పాడేరు కొండల్లో మిరియం తీగలు పాకిన చెట్ల నీడన పెరిగే కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంతకుముందే 2017లో అరకు పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. ‘చెర్రీ’, ‘పల్పింగ్‌’, ‘పార్చ్‌మెంట్‌’ అనే మాటలు కొండ ఊళ్లలోకి వచ్చేశాయి. అరబికా కాఫీకి అంతర్జాతీయ ధర పలికేది న్యూయార్క్‌ మార్కెట్‌లో. అక్కడ లెక్క పౌనుకి ఇన్ని అమెరికన్‌ సెంట్లని. సెంట్లు రూపాయలై, పౌను కిలో అయి, చెర్రీకీ పార్చ్‌మెంట్‌కీ తేడా తీసేసి, చివరికి ఓ అంకె ఘాట్‌ ఎక్కి ఊళ్లోకి వస్తుంది. బ్రెజిల్‌లో మంచు కురిసి తోటలు మాడితే ఆ అంకె పెరుగుతుంది. ఒకప్పుడు నలుగురు షావుకార్ల నోట్లో ఉన్న ధర ఇప్పుడు సముద్రాల అవతల ఉంది. కాకపోతే ఇది ఫోన్‌లో కనిపిస్తుంది. షావుకారు మనసులో ఉన్నది కనిపించేది కాదు.

పారిస్‌లో ఆ కాఫీ తాగినవాళ్లు ‘షేర్‌’ అనే ఉంటారు. ప్రియమని అన్నారో, ప్రియమైనదని అన్నారో!

మధ్యాహ్నం దాటాక అరకు సంత పలచబడుతుంది. ఆశీలు వసూలు చేసేవాళ్లు చివరి చుట్టు తిరుగుతుంటారు. సంతలో కూర్చున్నందుకు కట్టే పన్ను అది. ఆ మాట కూడా అరబ్బీ ‘హాసిల్‌’ నుంచి వచ్చిందే. చీపుర్లు అమ్ముడైన ఆమె ఉప్పు, ఎండుచేపలు, పిల్లాడికి చొక్కా కొని మూట కడుతుంది. ఆటోకి ఎంతవుతుందో అడిగి, డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టుకుని, నడకే మేలనుకునేవాళ్లు కొందరు. ఆ రెండు గంటల నడక ఏ పద్దులోనూ పడదు.

ఇన్ని భాషల సంతలో ఎవరికీ అనువాదం అక్కర్లేని మాట మాత్రం ఒకటుంది. కువి మాట్లాడేవాళ్లు, కొండదొరలు, గదబలు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు, విశాఖ వ్యాపారి... అందరికీ అర్థమవుతుంది. బడి నుంచి వచ్చి తల్లి పక్కన గోనెపట్టా మీద కూర్చున్న పిల్ల కూడా అదే మాటతో, కాటా ముల్లు వంక చూస్తూ అడుగుతుంది.

‘‘రేటెంత?’’